తోసే గొర్రులో త్రీడీ ప్రింట్ చేసిన సీడ్ ప్లేట్ విరిగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం, మాది కరీంనగర్ వైపు పల్లెటూరు. నాన్న మొక్కజొన్న పెడతారు. విత్తనం పెట్టే రోజుల్లో అమ్మ, కూలీలు పొద్దంతా నడుం వంచి ఒక్కో గింజా పెట్టుకుంటూ పోవాలి, అది చూడలేక ఒంటి సాలు తోసే గొర్రు ఒకటి సొంతంగా డిజైన్ చేసి చేస్తున్నాను. ముందు చక్రం వ్యాసం 40 సెం.మీ., దాన్నుంచి సైకిల్ చైన్‌తో విత్తనాల డబ్బా కింద ఉన్న ప్లేటు తిరుగుతుంది, చక్రం ఒక చుట్టు తిరిగితే ప్లేటూ ఒక చుట్టే. ప్లేటుకి 6 గుంతలు, ఒక్కో గుంత ఒక్కో గింజను పట్టి కింద వదలాలి. ప్లేటు, దాని మధ్యలో పైకి లేచిన బొడిపె, అందులో 12 మి.మీ. షాఫ్ట్ కోసం డి ఆకారం రంధ్రం, మొత్తం ఒకే ముక్కగా పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్‌లో ప్రింట్ చేశాను. ఇంట్లో బాగానే తిరుగుతోంది. చేలోకి తీసుకెళ్తే గింజ ఇరుక్కున్నప్పుడల్లా బొడిపె మొదట్లో టక్కున విరుగుతోంది. ఒక ప్లేటైతే ఎండలో డబ్బాలోనే ఉండి పళ్ళెంలా వంగిపోయింది. ఇన్‌ఫిల్ (ముక్క లోపల నింపే ప్లాస్టిక్) 100 శాతం పెట్టినా అంతే. వానాకాలం పంటకు అందించాలని ఉంది. ప్రింటర్ మార్చాలా, మెటీరియల్ మార్చాలా? గింజ పడిందో లేదో చూడటానికి ఐఆర్ (కంటికి కనబడని పరారుణ కాంతి) సెన్సర్ కూడా పెట్టాలనుకుంటున్నా.

జవాబు (మెషిన్ షాపులో డిజైన్ పని చేసే అన్న):
తమ్ముడూ, ప్రింటర్ తప్పు కాదు, ఇన్‌ఫిల్ తప్పూ కాదు. విరిగిన ముక్క ఒకసారి చేతిలోకి తీసుకొని చూడు, విరిగిన చోట నున్నగా, కత్తితో కోసినట్టు ఉంటుంది. ప్లేటుని పడుకోబెట్టి ప్రింట్ చేస్తే పొరలన్నీ ప్లేటుకి సమాంతరంగా పడతాయి. షాఫ్ట్ బొడిపెను మెలితిప్పినప్పుడు ఆ బలం సరిగ్గా పొరకీ పొరకీ మధ్య పడుతుంది, ప్రింట్‌లో అన్నిటికన్నా బలహీనమైన జాగా అదే. లోపల ఎంత నింపినా ఆ అతుకు అతుకే.

కాబట్టి బొడిపె తీసేయ్. ప్లేటు ఉత్త బిళ్ళలా ఉండాలి. షాఫ్ట్‌కి ఇనుప ఫ్లాంజ్ కప్లింగ్ (షాఫ్ట్‌కి బిగించే, బోల్టు రంధ్రాలున్న ఇనుప బిళ్ళ) పెట్టి, దానికి ప్లేటుని 4 ఎం4 బోల్టులతో, వెనక వెడల్పాటి వాషర్లు వేసి బిగించు. లెక్క చూడు: షాఫ్ట్ అంచు మధ్య నుంచి 6 మి.మీ. దూరంలో ఉంది, బోల్టులు 20 మి.మీ. దూరంలో పెడితే అదే మెలికకి ప్లాస్టిక్ మీద పడే బలం మూడో వంతు కన్నా తక్కువ, అది కూడా నాలుగు బోల్టులు పంచుకుంటాయి. డి రంధ్రం అరిగి గుండ్రం అయ్యే బాధ కూడా ఉండదు.

ఎండ సంగతి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన దగ్గర మే నెలలో మూత పెట్టిన నల్ల డబ్బా లోపల ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పీఈటీజీ అనే ఇంకో ప్రింటింగ్ ప్లాస్టిక్ అయితే 80 దాకా ఆగుతుంది. దాంతో ప్రింట్ చెయ్, బయటి గోడలు 5 వరసలు పెట్టు, ఇన్‌ఫిల్ 40 చాలు. కానీ నా అభిప్రాయం అడిగితే ప్రింటింగ్ గుంత సైజు, ఆకారం తేల్చుకునేదాకా వాడు, ఎందుకంటే సాయంత్రం మార్చి పొద్దున చూసుకోవచ్చు. కొలత తేలాక చివరి ప్లేటు మాత్రం నైలాన్ షీట్‌లో చేయించు. హైదరాబాద్ వస్తే రాణిగంజ్‌లో ముక్కల లెక్కన కోసి ఇస్తారు. రేపు ఆ ప్లేటు పోతే మీ నాన్న ప్రింటర్ కోసం కాలేజీ దాకా రాలేరు కదా, అదే నైలాన్ అయితే మండల కేంద్రంలో డ్రిల్లింగ్ మెషిన్ ఉన్న ఎవరైనా పాతదాన్ని పైన పెట్టి గుర్తులు గీసి కొత్తది చేసిస్తారు.

ఇంకొకటి. గింజ ఇరికినప్పుడు ఏదో ఒకటి లొంగాలి. ఏది లొంగాలో నువ్వే నిర్ణయించు. స్ప్రాకెట్‌కీ (చైన్ తిప్పే పళ్ళ చక్రం) షాఫ్ట్‌కీ మధ్య సన్న అల్యూమినియం రివెట్ పెట్టు, అది తెగితే రూపాయి రెండు రూపాయల్లో పోతుంది, చేనులోనే మార్చుకోవచ్చు.

జవాబు (అగ్రికల్చర్ చదివి, సొంత సాగు చేసుకుంటున్న అక్క):
అన్న చెప్పింది సరే, అసలు గింజ ఎందుకు ఇరుకుతోందో కూడా చూడాలి కదా. ఏ గింజ కొలిచి ఆ గుంత పెట్టావు బాబూ? కిరాణా కొట్టు గింజలు తెచ్చి కొలిస్తే కుదరదు. హైబ్రిడ్ విత్తనం బ్యాగుని బట్టి కొన్ని చదునుగా, కొన్ని గుండ్రంగా వస్తాయి. పెట్టబోయే బ్యాగులోంచే ఒక గుప్పెడు తీసి పొడవు, వెడల్పు, మందం వెర్నియర్‌తో కొలువు. అన్నిటికన్నా పెద్ద గింజ కన్నా గుంత ఒక పదో వంతు ఎక్కువ ఉండాలి, ప్లేటు మందం గింజ మందానికి దగ్గరగా ఉండాలి. ప్లేటు మరీ మందమైతే రెండో గింజ సగం దిగి, సగం పైకి తేలి ఉంటుంది, ఇరికేది అదే. ప్రింట్‌లో రంధ్రాలు గీసిన కొలత కన్నా కాస్త చిన్నగా వస్తాయి, కంప్యూటర్‌లో ఉన్నది కాదు, చేతిలో ఉన్నది కొలువు.

పైన ఎక్కువ గింజల్ని ఆపడానికి ఏం పెట్టావు? గట్టి ప్లాస్టిక్ పట్టీ అయితే తీసేసి బ్రష్ పెట్టు, పెయింట్ బ్రష్ వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి పెట్టినా పనికొస్తుంది. గింజ పగలదు, ఇరకదు. విత్తనానికి పట్టించిన రంగు మందు పొడి గుంతల్లో పేరుకుంటుంది, కాస్త టాల్కమ్ పౌడర్ కలిపితే గింజ జారుతుంది, మధ్యమధ్యలో తుడుస్తుండు. ఆ మందు విషం, చేతికి గ్లౌజులు తప్పనిసరి. ట్రయల్స్‌లో వాకిట్లో పడిన గింజలు కోళ్ళు తినకుండా ఏరెయ్యి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. నిజమే, విరిగిన చోటు అద్దంలా ఉంది. ఆపేది అక్రిలిక్ పట్టీయే. బ్యాగులో గింజలు కొలిస్తే పొడవు 11 మి.మీ. దాకా వచ్చింది, నా గుంత ప్రింట్ అయ్యాక 10.6 ఉంది! ఫ్లాంజ్, బ్రష్ రెండూ మారుస్తాను. గింజకీ గింజకీ దూరం మాత్రం 20 సెం.మీ. సరిగ్గా వస్తుందా? చుట్టుకొలత 125.7, ఆరుతో భాగిస్తే 20.9.

జవాబు (మెషిన్ షాపు అన్న):
కాగితం మీద వస్తుంది. చేలో రాదు. ముందు చక్రం గాల్లోకి లేపి సుద్దతో గుర్తు పెట్టి 20 చుట్లు తిప్పు, కింద గిన్నె పెట్టు. 120 గింజలు పడాలి. ఓ పది తక్కువొస్తే గుంతలు నిండట్లేదు, ఎక్కువొస్తే జోడు గింజలు పడుతున్నాయి. అది సరి చేసుకున్నాక, చేలో అదే 20 చుట్లు తోసి టేపు పెట్టి కొలువు. జారకపోతే 25.1 మీటర్లు రావాలి. దుక్కి మెత్తగా ఉంటే చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంది, 27 మీటర్లు వచ్చిందనుకో, నీ 20.9 కాస్తా 22.5 అయిపోయింది. సాలు దూరం 60 సెం.మీ. అనుకుంటే, గింజకి 20 సెం.మీ. లెక్కన ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు ఉండాల్సిన చోట 30 వేలే ఉంటాయి. దీనికి రెండు మందులు: చక్రం చుట్టూ ఇనుప పట్టీలు ముళ్ళలా వెల్డ్ చేయించు, అప్పటికీ జారితే 7 గుంతల ప్లేటు వెయ్. 7 గుంతలతో, అంతే జారుడుతో 19.3 వస్తుంది. నల్లరేగడిలో తడి ఉన్నప్పుడు ఒకసారి, ఆరాక ఒకసారి కొలువు, రెండూ వేరుగా వస్తాయి. గింజ ఎక్కడెక్కడ పడుతుందో కళ్ళారా చూడాలంటే వాకిట్లో పాత రెక్సిన్ పరిచి గ్రీజు పూసి దాని మీదుగా తోయి, గింజ పడిన చోటే అతుక్కుంటుంది.

సెన్సర్ ఇప్పుడే వద్దు. మామూలు ఐఆర్ జత ఎండ తగిలితే తప్పుడు లెక్క చూపిస్తుంది, మందు దుమ్ము పడితే మూసుకుపోతుంది. ముందు గింజ సరిగా పడనివ్వు. తర్వాత కావాలంటే గింజలు పడే గొట్టం లోపల, వెలుతురు రాని చోట పెట్టుకో. ఈ లోపు డబ్బాకి తోసే మనిషి వైపు ఒక పారదర్శక ప్లాస్టిక్ కిటికీ పెట్టు, ప్లేటు తిరుగుతోందో లేదో మీ నాన్నకు కనబడుతుంది.

ఇంకో సభ్యుడు:
తమ్ముడూ ఒక్క మాట. విరిగిన ప్లేట్లు పారెయ్యకు. ఒక్కో దాని మీద మార్కర్‌తో తేదీ, మెటీరియల్, గుంత సైజు రాసి పెట్టు. మేం ఇంటర్వ్యూలు చేసేటప్పుడు కంప్యూటర్‌లో గీసిన మెరిసే రెండర్ ఫోటోల కన్నా ఇవే అడుగుతాం, ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది, తర్వాత ఏం మార్చావు అని. హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023లో మొదలైంది, ప్రోటోటైప్‌లు చేసుకోవడానికే పెట్టిన చోటు, ఒకసారి వెళ్ళి మాట్లాడు. అమ్మ నడుం నొప్పి చూసి మొదలుపెట్టానన్నావు కాబట్టి చెప్తున్నా, చింతకింది మల్లేశం గారు కూడా అమ్మ భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం (చీర నేతకు ముందు నూలును ఆసు పోసే యంత్రం) మొదలుపెట్టారు, 1992లో మొదలుపెడితే 1999కి గానీ పూర్తి కాలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ వానాకాలానికి అందకపోయినా టెన్షన్ పడకు, యాసంగి ఉంది.

మరో ప్రశ్న (అనంతపురం నుంచి):
ఇదే గొర్రు వేరుశనగకు వాడొచ్చా అన్నా? మాకు సాలుకీ సాలుకీ 30, గింజకీ గింజకీ 10 సెం.మీ. కావాలి.

జవాబు (సాగు చేసే అక్క):
వాడొచ్చు, ప్లేటు మారాలి. అదే చక్రానికి 10 సెం.మీ. అంటే 12 గుంతలు కావాలి. గింజకో గుంత చొప్పున 12 పెట్టాలంటే ప్లేటు పెద్దది అవుతుంది, డబ్బాలో పట్టకపోతే 6 గుంతలే ఉంచి, ప్లేటు షాఫ్ట్ మీద సగం పళ్ళ స్ప్రాకెట్ వేస్తే ప్లేటు రెండింతలు తిరుగుతుంది. కానీ వేగం పెరిగితే గుంతలు నిండకుండా పోతాయి, మెల్లగా తోయాలి. వేరుశనగ పప్పుకి పొర ఊడినా, బద్ద చీలినా మొలవదు, కాబట్టి బ్రష్ ఇంకా మెత్తగా ఉండాలి, గుంత అంచులు ఎమెరీ పేపర్‌తో గుండ్రంగా రుద్దాలి. తిప్పి చూసే పరీక్షలో గిన్నెలో పడినవి లెక్కపెట్టడంతో సరిపెట్టొద్దు, పొర ఊడినవి ఎన్నో విడిగా ఏరి చూడండి.