కాలేజీల లిస్టు ఎలా సరిచేయాలి?

అమెరికాలో డిగ్రీకి మా అమ్మాయి 14 కాలేజీలు రాసుకుంది, అందులో 11 పదిమందిలో ఒక్కరికి కూడా సీటివ్వనివే. నాకు ఒకటే టెన్షన్. ఎన్ని తీసేయాలి?

జవాబు: కామన్ యాప్‌లో (ఒకే దరఖాస్తుతో చాలా కాలేజీలకు అప్లై చేసే వెబ్‌సైట్) 20 కాలేజీల దాకా పెట్టొచ్చు కానీ చాలావాటికి విడిగా వ్యాసాలు రాయాలండి, పిల్ల అలిసిపోతుంది. ఒక్కో కాలేజీ కామన్ డేటా సెట్ (కాలేజీ తన అడ్మిషన్ల లెక్కలు ప్రకటించే పత్రం) తెరిచి, చేరినవాళ్లలో మధ్య సగం మందికి శాట్ (ప్రవేశ పరీక్ష) స్కోర్లు ఏ రెండు అంకెల మధ్య ఉన్నాయో చూడండి. తన స్కోరు పై అంకెను దాటి, సగం మందికి పైగా సీట్లిచ్చేవి కనీసం మూడుండాలి. పది శాతం లోపు ఇచ్చేవి మాత్రం ఎంత స్కోరున్నా కష్టమే.

ఇంకో జవాబు: సీటు దాదాపు ఖాయమైనా ఫీజు కట్టలేకపోతే అది సేఫ్ కాలేజీ ఎలా అవుతుంది? పైగా విదేశీ విద్యార్థులు ఆర్థిక సాయం అడిగితే చాలాచోట్ల సీటివ్వాలా వద్దా అని చూసేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

థాంక్సండీ. ఇప్పుడే ఇద్దరం కూర్చుని ఆరు కొట్టేశాం.