పొట్టి మ్యాగ్నం తూటాలు: ఎల్క్ వేటకూ, ఇంట్లో తూటాలు నింపుకోవడానికీ ఎంతవరకు నయం?

దేవరకొండ వాసి (ప్రస్తుతం కొలరాడో) అడిగిన ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. మాది దేవరకొండ. ఆరేళ్లుగా కొలరాడోలో ఉంటున్నాను. ఈ మధ్యే వేట శిక్షణ తరగతి పూర్తిచేసి, వచ్చే సీజన్‌లో మొదటిసారి ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్లాలని అనుకొని, రైఫిల్ కొనే దగ్గర ఆగిపోయాను. దుకాణంలో వాళ్లు 300 విన్చెస్టర్ షార్ట్ మ్యాగ్నం తూటా వాడే రైఫిల్ చూపించారు. మ్యాగ్నం అంటే మామూలు తూటాకన్నా ఎక్కువ మందుతో వేగంగా పోయేదట. దాని తొడుగు (మందు పట్టే ఇత్తడి గొట్టం) పొట్టిగా, లావుగా ఉండడంవల్ల మందు సమంగా కాలుతుందనీ, అందుకే తక్కువ మందుతోనే పెద్ద మ్యాగ్నం వేగం వస్తుందనీ, పైగా భుజానికి తన్ను కూడా తక్కువేననీ చెప్పారు. నాతో పనిచేసే ఒకాయన మాత్రం మ్యాగ్నం కాని పాత 30-06 తూటా ఉండగా ఇవన్నీ ఎందుకని కొట్టిపారేశారు. కాల్చిన తొడుగుల్లో మళ్లీ మందూ బుల్లెట్టూ పెట్టి తూటాలు ఇంట్లోనే నింపుకోవడం కూడా నేర్చుకోవాలని ఉంది కనుక, ఆ కోణంలో కూడా చెప్పగలరు.

ఇక్కడే అడగడానికి ఇంకో కారణం ఉంది. మొన్న దసరాకు ఊరికి వచ్చినప్పుడు తాతగారి ట్రంకుపెట్టెలో కాల్చిన తూటా తొడుగు ఒకటి దొరికింది. చూపుడువేలంత పొడవు, అడుగున 404 అనే అంకె. నిజాం కాలంలో షికారుకు వచ్చేవారికి అడవిలో దారి చూపడానికి ఆయన వెళ్లేవారని నాయనమ్మ చెప్పేది. ఈ 404కూ దుకాణంలో చూసిన పొట్టి తూటాకూ చుట్టరికం ఉందని విన్నాను. నిజమేనా?

—

రామగిరి, నల్లగొండ (ప్రస్తుతం మోంటానా):

చుట్టరికం నిజమే, తమ్ముడూ. ఇంగ్లండులోని జెఫ్రీ సంస్థ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తెచ్చిన 404 తూటా మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ పెద్ద జంతువుల వేటకు బాగా వాడుకలో ఉండేది. దాని తొడుగు పొడవు 73 మిల్లీమీటర్లు. విన్చెస్టర్ వారు 2001లో 300 షార్ట్ మ్యాగ్నం తెచ్చినప్పుడు దాదాపు ఆ లావునే ఉంచి, పొడవును 53.3 మిల్లీమీటర్లకు కుదించి, బుల్లెట్ కూర్చునే మెడను 30 క్యాలిబర్ (సుమారు 0.3 అంగుళం వ్యాసం) బుల్లెట్‌కు సరిపోయేలా సన్నం చేశారు. దుకాణం వాళ్లు చెప్పిన పెద్ద మ్యాగ్నం అంటే 1963 నాటి 300 విన్చెస్టర్ మ్యాగ్నం, దాని తొడుగు 66.5 మిల్లీమీటర్లు. దాని అడుగున ఒక బెల్టు (చుట్టూ ఉబ్బెత్తు కట్టు) ఉంటుంది. అది 1912లో వచ్చిన హాలండ్ అండ్ హాలండ్ 375 నుంచి దిగివచ్చిన వారసత్వం.

ఇక దుకాణం వాళ్ల మాటకు వస్తాను. 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) బుల్లెట్‌ను ఈ రెండు మ్యాగ్నంలూ సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పంపుతాయి, 30-06 అదే బుల్లెట్‌ను 820 మీటర్ల చుట్టుపక్కల పంపుతుంది. పొట్టి తొడుగులో మందు పట్టే చోటు పెద్దదానికంటే దాదాపు ఎనిమిదో వంతు తక్కువ. అయినా వేగం తగ్గలేదు కాబట్టి ఆకారంలోనే ఏదో మహిమ ఉందని అమ్మేవారు అంటారు. నా లెక్క వేరు. గొట్టం వ్యాసం మారనప్పుడు మందు పెంచుతూ పోయేకొద్దీ, పెంచిన ప్రతి గ్రెయిన్‌కూ వచ్చే అదనపు వేగం తగ్గుతూ పోతుంది. అందుచేత చిన్న తొడుగు, అది పొట్టిదైనా పొడుగుదైనా, పెద్ద తొడుగు కంటే పొదుపుగానే కనిపిస్తుంది. దీనికి తోడు 300 షార్ట్ మ్యాగ్నంకు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 65,000 పౌండ్లు, 300 విన్చెస్టర్ మ్యాగ్నంకు 64,000, 30-06కు 60,000. ఆకారం వల్ల లాభం బొత్తిగా లేదని నేను అనను, కానీ రైఫిల్ కొనడానికి అదొక్కటే కారణం కాకూడదు.

అసలు లాభం తూటాలో కంటే తుపాకిలో ఉంది. బుల్లెట్‌తో కలిపి పొట్టి తూటా మొత్తం పొడవు 72.6 మిల్లీమీటర్లకు మించదు, పెద్ద మ్యాగ్నం 84.8 వరకు వస్తుంది. ఆ తేడా వల్ల బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టే కడ్డీ) ప్రయాణం తగ్గి, రైఫిల్ కాస్త పొట్టిగా, తేలికగా తయారవుతుంది. పదివేల అడుగుల ఎత్తున, ఊపిరి అందని చోట, రోజంతా భుజాన మోసేవాడికి అది చిన్న విషయం కాదు. అయితే తన్ను గురించి చెప్పింది సగమే నిజం. మందు తగ్గినంత మేర తన్ను తగ్గుతుంది కానీ, తుపాకి బరువు కూడా తగ్గడంతో ఆ మిగులు కరిగిపోతుంది.

తూటాలు నింపే పనిలో మాత్రం నేను 300 విన్చెస్టర్ మ్యాగ్నం పక్షమే. పొట్టి మ్యాగజైన్‌లో (తుపాకిలో తూటాలు పేర్చే అర) 200 గ్రెయిన్లు దాటిన పొడుగు బుల్లెట్లు పట్టాలంటే వాటిని తొడుగులోకి బాగా లోతుగా దించాలి. అలా దించితే మందు చోటునే బుల్లెట్ తినేస్తుంది. కొందరు ఇదే పొట్టి తూటాకు కావాలని పొడవైన యాక్షన్‌తో (బోల్ట్ ఆడే భాగం) రైఫిల్ చేయించుకుంటారు. పొట్టిదనం కోసం కొన్న తూటాకు పొడుగు తుపాకి కట్టించడం నాకు వింతగా ఉంటుంది. బెల్టు గురించి చాలామంది భయపెడతారు. కాల్చిన తొడుగును డైలో (మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) వేసినప్పుడు దాని భుజాన్ని (మెడ కింద ఏటవాలు భాగం) అవసరానికి మించి వెనక్కి నెడితే, కొద్దిసార్లకే బెల్టుకు పైన పగులు వస్తుంది. భుజాన్ని అంగుళంలో వెయ్యింట రెండు వంతులు మాత్రమే వెనక్కి జరిపితే బెల్టు ఉన్నా లేకున్నా తొడుగు చాలాసార్లు పనికి వస్తుంది. ఈ కొలత తీసే పనిముట్టును తూటాలు నింపే ప్రెస్సుతో పాటే కొనండి. మందు తూకం ఎప్పుడూ తయారీదారు అచ్చువేసిన పుస్తకం చూసే వేయాలి. ఎవరో చెప్పిన తూకం నమ్మవద్దు, నేను చెప్పినా సరే.

—

అచ్చంపేట, విశ్రాంత అటవీ ఉద్యోగి:

రామగిరి మిత్రులు తూటా గురించి విపులంగా చెప్పారు కనుక నేను జంతువు గురించి చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణ వచ్చాక మన దగ్గర సరదా వేట అనేదే లేదు. పంట పాడుచేసే అడవిపందిని కాల్చాలన్నా అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. కాబట్టి ఇది చదివే మన ప్రాంతపు యువకులు కొలరాడో నియమాలను అమ్రాబాద్ అడవికి అన్వయించుకోవద్దు. ఇక్కడ ఇంట్లో తూటాలు నింపడం కూడా కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి.

ఉద్యోగరీత్యా గాయపడిన జంతువుల జాడ పట్టుకొని రోజుల తరబడి నడిచినవాడిగా నాది ఒకటే మాట. తప్పు చోట తగిలిన తూటాకు సెకనుకు 80 మీటర్ల అదనపు వేగం ఏ సాయమూ చేయదు. పొట్టలో దెబ్బ తిన్న కణుజు పొద్దుగూకేదాకా నడిచి ఎక్కడో వాగులో పడుతుంది. మూడు వందల కిలోలు దాటే ఎల్క్ ఇంకెంత దూరం పోతుందో ఊహించండి. ముందరి కాలు వెనుక, గుండె, ఊపిరితిత్తుల చోట ప్రతిసారీ కొట్టగలిగే దూరం మీకు ఎంతో ముందు కాగితపు గురి మీద కాల్చి తేల్చుకోండి. తన్నుకు జడిసి కళ్లు మూసేవాడి చేతిలో మ్యాగ్నం కన్నా అలవాటైన 30-06 మేలు.

—

మహబూబ్‌నగర్, గురి పోటీల షూటర్:

రామగిరి అన్నగారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. పొట్టి, లావు ఆకారాన్ని అమ్మకపు మాటగా తీసిపారేయలేం. బల్ల మీద రైఫిల్ ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో 1970లలో వచ్చిన 6 పి.పి.సి. అనే పొట్టి లావు తూటా ఆ ఆటనే మార్చివేసింది, ఇప్పటికీ అక్కడ దానిదే పెత్తనం. అయితే ఆ రైఫిళ్లలో తూటాను ఒక్కొక్కటిగా చేత్తో పెడతారు. వేట రైఫిల్‌లో మ్యాగజైన్ నుంచి ఎక్కాలి. లావు తొడుగు, నిటారు భుజం ఉన్న తూటా ఒక్కోసారి గొట్టంలోకి జారకుండా తట్టుకుంటుంది, మ్యాగజైన్‌లో పట్టే సంఖ్యా తక్కువే. కొనేముందు దుకాణంలోనే డమ్మీ తూటాలతో వేగంగానూ, మెల్లగానూ బోల్ట్ ఆడించి చూడండి.

ఇంకో విషయం. ఈ పొట్టి మ్యాగ్నంల కుటుంబంలో 300 ఒక్కటే నిలదొక్కుకుంది, 270 కొంతవరకు నడుస్తోంది. 7 మిల్లీమీటర్లది, 2005లో వచ్చిన 325, అంతకన్నా పొట్టివైన డబ్ల్యు.ఎస్.ఎస్.ఎం. (విన్చెస్టర్ సూపర్ షార్ట్ మ్యాగ్నం) రకాలు దుకాణాల్లో దొరకడమే కష్టం. తూటాలు నింపుకునేవాడికి తొడుగు దొరకకపోతే మిగతా సరంజామా అంతా వృథా.

—

దేవరకొండ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. తాతగారి తొడుగును వెర్నియర్‌తో కొలిచాను. పొడవు 73, అడుగున లావు 13.8 మిల్లీమీటర్లు. రామగిరి అన్నగారు చెప్పిన లెక్క సరిపోయింది. నా వల్ల 250 గజాలు దాటి గురి కుదరడం లేదు కాబట్టి ఈ ఏడాదికి 30-06 కొని, దాని తొడుగులతోనే నింపడం నేర్చుకుంటాను. ఆదివారం తిరుగు ప్రయాణం. తొడుగును గుర్తుగా సూట్‌కేసులో పెట్టుకొని వెళ్దామనుకుంటున్నాను.

—

రామగిరి, నల్లగొండ (ప్రస్తుతం మోంటానా):

ఆ పని మాత్రం చేయకండి. ఖాళీదైనా సరే, శంషాబాద్‌లో స్కానర్ కింద తూటా ఆకారం కనబడితే విమానం వెళ్లిపోయేదాకా మీరు పోలీసులకు సమాధానం చెప్పుకుంటూ కూర్చోవాలి. ట్రంకుపెట్టెలోనే ఉంచి, ఫొటో తీసుకొని వెళ్లండి. అడుగున 404తో పాటు ఇంకేవైనా అక్షరాలు కనిపిస్తే ఆ ఫొటో ఇక్కడ కూడా పెట్టండి.