నీటి అడుగు స్కూటర్‌లో లెడ్ యాసిడ్ తీసేసి లిథియం ప్యాక్ పెట్టాలి, సలహా కావాలి

రుషికొండ కుర్రాడు:
అందరికీ నమస్కారం. డైవింగ్ మానేసి ఊరెళ్లిపోతున్న ఒకాయన దగ్గర డైవర్‌ని నీళ్లలో లాక్కెళ్లే స్కూటర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోపల 12 వోల్టుల 18 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్, బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే లెక్క) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, సిరీస్‌లో 24 వోల్టులు. మోటారు బాగుంది, సీళ్లు మార్చాను. బ్యాటరీలే అయిపోయాయి, పది నిమిషాలు లాగి ఈసురోమంటున్నాయి. పాత ఎలక్ట్రిక్ బండి ప్యాక్‌లోంచి తీసిన 18650 సైజు లిథియం అయాన్ సెల్స్ నా దగ్గర డెబ్బై ఉన్నాయి. 7 సిరీస్, 10 ప్యారలల్ (పదేసి సెల్స్ పక్కపక్కన, అలాంటి ఏడు గుంపులు ఒకదాని వెనక ఒకటి) కడితే చాలా? 11 కిలోల బ్యాటరీల చోట మూడున్నర కిలోలే కదా, మోసుకెళ్లడం కూడా హాయి. బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టుకుని, తేడా వస్తే కరెంటు కట్ చేసే బోర్డు) ఎన్ని ఆంప్స్‌ది వేయాలో చెప్పండి.

కోఠి సెల్‌వాలా:
తమ్ముడూ, ముందు ఆ డెబ్బై సెల్స్ పక్కన పెట్టు. ఎన్నిసార్లు ఛార్జయ్యాయో, ఏది ఎంత వేడెక్కిందో ఎవరికీ తెలీదు. మల్టీమీటర్‌లో వోల్టేజీ సమానంగా కనిపించినా ఇంటర్నల్ రెసిస్టెన్స్ ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. పది సెల్స్ ప్యారలల్‌లో రెండు నీరసపడితే మిగతా ఎనిమిది వాటి బరువు కూడా మోయాలి. రోడ్డు మీద బండి ఆగితే తోసుకుంటూ పోవచ్చు. నువ్వు వెళ్లేది సముద్రం కిందకి.

రెండోది వోల్టేజీ. 7 సిరీస్ లిథియం అయాన్ ఫుల్ ఛార్జ్‌లో 29.4. నీ లెడ్ యాసిడ్ లోడ్ మీద 24 చూపిస్తుంది. నీళ్లలో ప్రొపెల్లర్ లాగే పవర్ వేగం క్యూబ్ (ఘనం) లెక్కన పెరుగుతుంది. మోటారు 20 శాతం వేగంగా తిరిగిందంటే 1.7 రెట్ల పవర్ లాగుతుంది. పాత మోటారు, పాత రిలే తట్టుకుంటాయా? 6 సిరీస్ కడితే ఫుల్‌లో 25.2, సగం అయ్యేసరికి 22 కిందకి పడి నత్తనడక.

నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకి, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 8 సిరీస్ కడితే 25.6. ఛార్జర్ తీసినప్పుడు 29 ఉన్నా లోడ్ పడగానే 26 దగ్గరకి దిగి దాదాపు చివరిదాకా అక్కడే ఉంటుంది. సోలార్ వీధిదీపాల్లో వాడే 32700 సెల్స్, ఒక్కోటి 6 ఏహెచ్, మా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. 8 సిరీస్, 4 ప్యారలల్, మొత్తం 32 సెల్స్, 24 ఏహెచ్. 600 వాట్ అవర్స్ పైనే.

రుషికొండ కుర్రాడు:
అన్నా, ఎల్‌ఎఫ్‌పీ బరువెక్కువ కదా? అందుకే 18650 అనుకున్నా. పైగా 18 నుంచి 24 ఏహెచ్ అంటే పెద్ద తేడా ఏముంది?

ఫ్లోరిడా బాబాయ్:
ఇక్కడే అందరూ బోల్తా పడతారు బాబూ. నేనూ పడ్డాను, అదీ పైకి! స్కూటర్ గొట్టం సైజు మారదు, అది తోసే నీళ్లూ మారవు. లోపల ఏడు కిలోలు తగ్గిస్తే ఆ ఏడు కిలోల మేర అది పైకి లేస్తుంది. మొదటిసారి నేను తేలికైన ప్యాక్ పెట్టుకుని దిగితే స్కూటర్ ఖాళీ బిందెలా తేలింది, దాన్ని కిందకి తొక్కడానికే నా గాలి సగం అయిపోయింది. తీసిన బరువంతా సీసంగా మళ్లీ పెట్టాల్సిందే. అలాంటప్పుడు బరువైన సెల్ మంచిదే కదా? సీసం మోసే బదులు సెల్స్ మోద్దాం.

ఏహెచ్ సంగతి: లెడ్ యాసిడ్ మీద రాసిన 18 ఏహెచ్ ఇరవై గంటలు మెల్లగా తీస్తే వచ్చే లెక్క. 20 ఆంప్స్ చొప్పున తీస్తే కొత్తదైనా 10, 11 దాటదు. ఎల్‌ఎఫ్‌పీ 24 అంటే దాదాపు 24 ఇస్తుంది. రెట్టింపు కన్నా ఎక్కువ.

కానీ జాగ్రత్త. లెడ్ యాసిడ్ అయిపోయే ముందు మెల్లగా నీరసపడుతూ చెబుతుంది. ఎల్‌ఎఫ్‌పీ చెప్పదు. చివరిదాకా ఒకే వేగం, తర్వాత ఒక సెల్ కిందకి జారగానే బీఎంఎస్ టప్‌మని కట్ చేస్తుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, ఏహెచ్ లెక్కపెట్టే మీటర్ ఒకటి లోపల పెట్టుకో. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకూడదు. స్కూటర్ మధ్యలో చచ్చినా ఈదుకుంటూ వచ్చేంత గాలి సిలిండర్‌లో ఉన్నంత దూరమే వెళ్లాలి. ప్యాక్ పెద్దదైంది కదా అని దూరం పెంచకు.

కోఠి సెల్‌వాలా:
బాబాయ్ చెప్పినదానికి వంద మార్కులు. బీఎంఎస్ సంగతి. ముందు నీ మోటారు ఎంత లాగుతుందో కొలువు. గాలిలో తిప్పితే లెక్క రాదు, స్కూటర్‌ని నీళ్లలో కట్టేసి నడపాలి. మామూలు క్లాంప్ మీటర్ ఏసీ మాత్రమే చూస్తుంది, డీసీ క్లాంప్ కావాలి. సాఫ్ట్ స్టార్ట్ (మోటారుకి కరెంటు మెల్లగా ఎక్కించే ఏర్పాటు) లేని రిలే అయితే ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో మామూలుకి మూడు నాలుగింతలు లాగొచ్చు, చిన్న బీఎంఎస్ దాన్ని షార్ట్ అనుకుని కట్ చేస్తుంది. 60 ఆంప్స్‌ది తీసుకో. ఎల్‌ఎఫ్‌పీ బీఎంఎస్సే అడుగు. లిథియం అయాన్‌ది వేస్తే సెల్‌ని 4.2 దాకా ఎక్కనిస్తుంది, ఎల్‌ఎఫ్‌పీకి 3.65 చాలు. పాత ఛార్జర్‌ని మర్చిపో, 29.2 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ ఛార్జర్ కొను. పాజిటివ్ వైరు మీద, ప్యాక్‌కి ఆనుకునే, డీసీ రేటింగ్ ఉన్న ఫ్యూజు ఉండాలి.

సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ పేరుతో నికెల్ పూసిన ఇనుము అంటగడతారు. పట్టీని గీకి ఉప్పునీళ్లలో రాత్రంతా పడెయ్, తుప్పు పడితే ఇనుమే. నీకు ఉప్పునీళ్లకి కొదవ లేదుగా! ఒక్కో వరస మధ్య నాలుగు పట్టీలు ఉంటాయి కాబట్టి 20 ఆంప్స్ అంటే పట్టీకి 5. అయినా స్టార్టింగ్ దెబ్బకి రెండు పొరలు వెయ్యి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ మాత్రం చెయ్యకు, స్పాట్ వెల్డింగే.

అరకు చలి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ప్యాక్ మొత్తానికి సిలికాన్ పోసేస్తే నీళ్లొచ్చినా టెన్షన్ ఉండదు కదా?

ఫ్లోరిడా బాబాయ్:
వద్దండీ. సెల్ లోపల గ్యాస్ పుడితే బయటికి పోవడానికి ఒక చివర వెంట్ ఉంటుంది. దాన్ని మూసేస్తే మనమే బాంబు కట్టినట్టు. నీళ్లు రాకుండా చూడాల్సింది గొట్టం దగ్గర. నాకు ఒకసారి ఓ-రింగ్ (మూత దగ్గర నీళ్లు ఆపే రబ్బరు రింగు) మీద ఒక్క వెంట్రుక అడ్డుపడి ఉప్పునీళ్లు లోపలికొచ్చాయి. అది లిథియం అయాన్ ప్యాక్. పైకి తెచ్చాక మామూలుగానే ఉంది. అనుమానంతో ఇంట్లో పెట్టకుండా పెరట్లో సిమెంటు గచ్చు మీద వదిలాను. రాత్రి పదింటికి పొగ. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఇక్కడ ఉప్పునీళ్లలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని రోజుల తరవాత అంటుకున్నాయి, కారణం అదే. తడిసిన ప్యాక్‌ని ఆరబెట్టి వాడదాం అనే ఆలోచనే వద్దు.

అందుకే మూత బిగించాక చేతిపంపుతో లోపలి గాలి కొంచెం లాగి, గేజ్ చూస్తూ పావుగంట ఆగుతాను. ముల్లు కదిలితే ఆ రోజు డైవ్‌కి స్కూటర్ రాదు. ఛార్జింగ్ ఎప్పుడూ ప్యాక్ బయటికి తీసి, గాలి ఆడేచోట, మనం మెలకువగా ఉన్నప్పుడే.

రుషికొండ కుర్రాడు:
ఇంకో డౌట్ బాబాయ్. దీన్ని అండమాన్ తీసుకెళ్లొచ్చా?

ఫ్లోరిడా బాబాయ్:
విమానంలో కుదరదు. 100 వాట్ అవర్స్ దాకా మామూలుగా, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో, ఆపైన ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు. నీది 600. అందుకే బ్లాక్‌టిప్ లాంటి స్కూటర్లు డ్రిల్లింగ్ మెషీన్ బ్యాటరీలతో నడిచేలా చేశారు. 18 వోల్టుల 5 ఏహెచ్ అంటే 90, హ్యాండ్ బ్యాగులో వెళ్తుంది. ఎన్ని తేవచ్చో ముందే ఎయిర్‌లైన్‌ని అడగాలి.

రుషికొండ కుర్రాడు:
నెల తర్వాత వచ్చి చెబుతున్నా. కొలిస్తే ఫుల్ స్పీడులో 19 ఆంప్స్, ట్రిగ్గర్ నొక్కగానే 50 పైకి వెళ్లి దిగింది. అన్న చెప్పినట్టే 8 సిరీస్, 4 ప్యారలల్, 60 ఆంప్స్ బీఎంఎస్. స్పాట్ వెల్డింగ్ తెలిసినాయనతో చేయించాను. సెల్స్ నిలబెట్టడానికి కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకలు రెండు కొని బెజ్జాలు వేశాను, అమ్మకి ఇంకా చెప్పలేదు. ప్యాక్ 5.3 కిలోలు వచ్చింది. తక్కువైన బరువుకి ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలకి కట్టే సీసం గుండ్లు కొన్నాను. స్విమ్మింగ్ పూల్‌లో మొదట ముక్కు పైకెత్తింది, సీసం ముందుకి జరిపితే కుదిరింది. కానీ సముద్రంలో మళ్లీ తేలింది!

ఫ్లోరిడా బాబాయ్:
ఉప్పునీళ్లు రెండున్నర శాతం బరువు. ముప్ఫై కిలోల స్కూటర్‌కి ఇంకో ముప్పావు కిలో వెయ్యి.

రుషికొండ కుర్రాడు:
వేశాను, ఇప్పుడు చెయ్యి వదిలితే ఉన్నచోటే ఉంటోంది. నిన్న 25 నిమిషాలు తిరిగితే మీటర్‌లో 7 ఏహెచ్ ఖర్చయింది. అన్నా, ఆ డెబ్బై సెల్స్ ఏం చెయ్యను? టార్చిలైటుకి వాడుకోనా?

కోఠి సెల్‌వాలా:
చెత్తబుట్టలో మాత్రం వెయ్యకు. ఒక్కోదానికి రెండు చివర్లా టేపు చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవాళ్లకి ఇచ్చెయ్. టార్చిలైటు నువ్వు తీసుకెళ్లేది కూడా నీళ్ల కిందకేగా.