డొక్క మీద నల్ల మచ్చ ఉన్న ఈ పిల్లి ఏ జాతిది?

పెరటి గుమ్మం అడిగిన ప్రశ్న:

18 రోజులుగా ఒక పిల్లి మా పెరటి గోడ దూకి వస్తోంది. నేను ఇంతవరకు చూసిన వీధి పిల్లుల్లో ఇలాంటిది లేదు. ఒళ్ళంతా మీగడ రంగు. మూతి, చెవులు, తోక మాత్రం మసిలో ముంచి తీసినట్టు ఉంటాయి. కళ్ళు చిక్కటి నీలం. ఎదురుగా కూర్చుని చూస్తే రెండు కళ్ళూ కొంచెం ముక్కు వైపు తిరిగి ఉన్నాయి. ముందు కాళ్ళు రెండింటికీ తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుంటుంది, కానీ కుడికాలికి పైదాకా, ఎడమకాలికి వేళ్ళ వరకే. తోక మీద పరీక్షగా చూస్తే తప్ప కనిపించనంత లేత చారలు. తోక కొస విరిగి అతుక్కున్నట్టు వంకర తిరిగి ఉంది.

రాత్రి టార్చి వేస్తే మిగతా పిల్లుల కళ్ళు పచ్చగా మెరుస్తాయి కదా, దీని కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా మెరిశాయి. కంటి జబ్బేమోనని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఎడమ డొక్క మీద, ఆఖరి పక్కటెముక దాటాక, అగ్గిపెట్టెంత నల్ల మచ్చ. అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. పుండు కాదు, దాని మీద వెంట్రుకలు నిండుగానే ఉన్నాయి. ఎన్ని జాతుల ఫోటోలు చూసినా ఇలాంటి మచ్చ ఎక్కడా కనిపించలేదు.

పిలిస్తే పసిపిల్ల ఏడుపులాంటి గొంతుతో బదులిస్తుంది. నిన్న చేయి చాపితే నుదురు తెచ్చి ఆనించింది. సయామీ పిల్లి అనుకోవచ్చా? జాతి తెలిస్తే దానికి ఏం కావాలో తెలుసుకుని సరిగా చూసుకుందామని అడుగుతున్నాను.

మీసాల నేస్తం:

నీలికళ్ళు, నల్లమూతి, తెల్లపాదాలు. ఈ మూడూ కలిశాయంటే బర్మన్ అయి ఉంటుంది. చాలా అరుదైన జాతి, మీ అదృష్టం.

పాత కాంపౌండర్:

బర్మన్ కాదండి. బర్మన్‌కు పట్టులా జారే పొడవాటి బొచ్చు ఉంటుంది, తెల్లపాదాలు నాలుగు కాళ్ళకూ ఉండాలి. మీరు చెప్పిన పిల్లికి రెండే, అవీ ఎక్కువతక్కువగా ఉన్నాయి.

చాలామంది రంగును చూసి జాతి అనేస్తారు. జాతి అంటే తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని తరాల తరబడి రాసిపెట్టిన వంశావళి. లోకంలో ఎక్కువ పిల్లులకు అలాంటి వంశావళి లేదు, మీ పిల్లికీ ఉండకపోవచ్చు. దానికి ఉన్నది సయామీ రంగు. ఆ రంగునిచ్చే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బయటపడుతుంది. అందుకే మామూలు రంగు పిల్లుల ఈతలో కూడా ఒక్కోసారి ఇలాంటి కూన పుడుతుంది. తెల్లపాదాలు, తోక మీది చారలు చూస్తే పూర్వీకుల్లో రకరకాల పిల్లులు కలిశాయని తెలుస్తుంది. మెల్లకన్ను, వంకర తోక పాత సయామీల్లోనూ ఉండేవి. మెల్లకన్ను కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరాల దారి కొంచెం మారడం వల్ల వచ్చేదే, దానివల్ల బాధ ఉండదు. టార్చి వెలుగులో ఎరుపు కూడా జబ్బు కాదు. ఈ రంగు పిల్లుల కంటి వెనుక పొరలో రంగు పదార్థం తక్కువ, అందుకని రక్తనాళాల ఎరుపే మెరుస్తుంది. నిశ్చింతగా నిద్రపోండి.

ఇక ఆ మచ్చ. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది అదే. ఈ పిల్లుల ఒంట్లో నలుపు తయారుచేసే ఎంజైము వేడికి పనిచేయదు. పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు. ఆ వేడిలో నలుపు పుట్టదు కాబట్టి ఒళ్ళు మీగడ రంగులో ఉంటుంది. చల్లగా ఉండే చెవులు, ముక్కు, తోక, పాదాలు నల్లబడతాయి. తల్లి కడుపులోని వెచ్చదనం వల్ల కూనలు తెల్లగానే పుడతాయి. మరి ఒంటి మధ్యలో ఒకచోట బొచ్చు గొరిగేస్తే? అక్కడ చర్మం చల్లబడుతుంది, కొత్త వెంట్రుక నల్లగా మొలుస్తుంది. అంచులు తిన్నగా ఉండటానికి కారణం గొరిగిన కత్తెర యంత్రం. ఎడమ డొక్క మీద గొరిగారంటే ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి ఉంటారు. చాలామంది వైద్యులు అక్కడి నుంచే చేస్తారు. ఆ బొచ్చు రాలి కొత్తది వచ్చేసరికి మచ్చ పోతుంది. ఇంకా పోలేదంటే ఆపరేషన్ జరిగి ఎంతో కాలం కాలేదు.

ఒక్క పని చేయండి. చెవి కొసలు చూడండి. వీధి పిల్లికి ఆపరేషన్ చేసి వదిలేటప్పుడు గుర్తుగా ఒక చెవి కొసను, ఎక్కువగా ఎడమ చెవిది, తిన్నగా కత్తిరిస్తారు.

పెరటి గుమ్మం:

ఇప్పుడే చూసి వచ్చాను. రెండు చెవులూ కొసదాకా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పాత కాంపౌండర్:

అలాగైతే అది ఎవరో పెంచుకున్న పిల్లే అయి ఉండాలి. దయచేసి జాతి సంగతి పక్కన పెట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి, చిప్ ఉందేమో చూస్తారు. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద పెడతారు. స్కానర్ పెడితే 15 అంకెల నంబరు వస్తుంది. అది ఎక్కడుందో చెప్పే పరికరం కాదు, నంబరు మాత్రమే. ఆ నంబరు మీద యజమాని వివరాలు నమోదై ఉంటేనే ఉపయోగం. వీపు మీద దొరకకపోతే ముందుకాళ్ళ దాకా స్కానర్ జరపమని అడగండి. చిప్ ఒక్కోసారి జారుతుంది.

గోరింటాకు:

వెళ్ళేలోపు మెడకు కాగితం పట్టీ ఒకటి చుట్టండి. “ఈ పిల్లి మీదేనా?” అని రాసి మీ ఫోను నంబరు వేయండి. కాగితమే వాడండి, ఎక్కడైనా చిక్కుకుంటే చిరిగిపోవాలి. నిజానికి దానికి రెండు ఇళ్ళు ఉండవచ్చు, రోజూ సాయంత్రం సొంత ఇంటికే వెళ్తూ ఉండవచ్చు.

పెరటి గుమ్మం:

కాగితం పట్టీ కట్టి నాలుగు రోజులు చూశాను, ఎవరూ ఫోను చేయలేదు. ఈ రోజు బుట్టలో పెట్టి తీసుకెళ్ళాను. దారి పొడవునా అరుస్తూనే ఉంది. నా వేలు కడ్డీల్లోంచి పెట్టాక కొంచెం ఊరుకుంది.

డాక్టరు గారు ఆ మచ్చ దగ్గర వెంట్రుకలు వేళ్ళతో విడదీసి చూపించారు. చర్మం మీద వేలి గోరంత పొడవున సన్నటి తెల్ల గీత. ఆపరేషన్ గుర్తేనన్నారు. భుజాల మధ్య స్కానర్ పలకలేదు. మీరు రాసింది గుర్తొచ్చి కాళ్ళ వైపు కూడా చూడమన్నాను. ఎడమ మోచేతి పైన పలికింది. నంబరు రాసుకుని, నమోదు చేసుకున్నవారికి కబురు పంపారు. ఇంకా జవాబు రాలేదు.

అంతవరకు ఇక్కడే ఉంటుంది. పేరు పెట్టాలని నోటిదాకా వచ్చింది కానీ పెట్టలేదు, దానికి ఒక పేరు ఇప్పటికే ఉండి ఉంటుంది. ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పడుకుంది. మచ్చ పై అంచున మూడు నాలుగు మీగడ రంగు వెంట్రుకలు మొలిచాయి.