స్పీడింగ్ టికెట్‌కి 'అన్‌సేఫ్ డ్రైవింగ్' బేరం: న్యూజెర్సీలో ఒప్పుకుంటే లాభమా, నష్టమా?

రూట్27_రాజు
చర్చ కోసం ఒక కేసు పెడుతున్నా. న్యూజెర్సీ లైసెన్సు, ఐదేళ్ళుగా శుభ్రమైన రికార్డు. 45 మైళ్ళ పరిమితి ఉన్న రోడ్డు మీద 62. అంటే 17 మైళ్ళు ఎక్కువ, లైసెన్సు రికార్డుకెక్కే తప్పుల లెక్కలో 4 పాయింట్లు. మున్సిపల్ కోర్టులో ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) దీన్ని రాష్ట్ర చట్టంలోని 39:4-97.2 సెక్షను, అంటే 'అన్‌సేఫ్ డ్రైవింగ్' కింద మారుస్తాడు, పాయింట్లు సున్నా. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అందరి సలహా ఒకటే: కళ్ళు మూసుకుని ఒప్పేసుకో. నిజంగా అంత మంచి బేరమేనా? లెక్కలతో చెప్పండి. "లాయర్‌ని పెట్టుకో" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోవద్దు.

లెక్కల_లక్ష్మి
లెక్క ఇదండీ. మొదటిసారి అన్‌సేఫ్‌కి జరిమానా 50 నుంచి 150 డాలర్లు. దాని మీద 250 సర్‌ఛార్జి తప్పదు, కోర్టు ఖర్చులు వేరే. జడ్జి పైమెట్టు వేస్తే మొత్తం 400 దాటుతుంది. అసలు స్పీడింగ్ టికెట్టుకైతే అందులో సగం కూడా కాదు. మిగతా సొమ్ము పాయింట్లు పడకుండా మీరు కడుతున్న ధర.

ఇక అసలు మెలిక. ఈ సున్నా పాయింట్లు మొదటి రెండుసార్లకే. ఐదేళ్ళలోపు మూడోసారి అన్‌సేఫ్ పడితే 4 పాయింట్లు. అంటే చేతిలో ఉన్నవి రెండు చీట్లు. 4 పాయింట్ల టికెట్టుకి ఒకటి వాడటం సబబే. 10 మైళ్ళు ఎక్కువకి వచ్చే 2 పాయింట్ల టికెట్టుకి వాడటం మాత్రం దుబారా.

మున్సిపల్_బెంచి
లక్ష్మి గారి మాటకి ఒక చేర్పు. మధ్యేమార్గం ఉంది, ఎవరూ అడగరు. అదే స్పీడింగ్‌ని 14 మైళ్ళ లోపుకి దించమని అడగొచ్చు. 2 పాయింట్లు పడతాయి, 250 సర్‌ఛార్జి ఉండదు, చీటీ మిగులుతుంది. ఆ 2 పాయింట్లు రికార్డుకెక్కాక డిఫెన్సివ్ డ్రైవింగ్ (జాగ్రత్తగా నడపడం నేర్పే) కోర్సు చేస్తే తీసేస్తారు. కోర్సుతో ఈ తగ్గింపు ఐదేళ్ళకి ఒక్కసారే. పాయింట్లు పడకముందే కోర్సు చేస్తే తీసేయడానికి అక్కడ ఏమీ ఉండదు. తొందరపడి చాలామంది చేసే పొరపాటు ఇదే.

సిగ్నల్_సుబ్బారావు
లైసెన్సులిచ్చే మోటార్ వెహికల్ కమిషన్ పాయింట్లు వేరు, ఇన్సూరెన్సు వాడి లెక్క వేరు బాబూ. టికెట్లు, సస్పెన్షన్లు లేకుండా ఏడాది గడిస్తే కమిషన్ 3 పాయింట్లు తీసేస్తుంది. ఇన్సూరెన్సు కంపెనీ చూసేది ఆ మిగులుని కాదు, ఫలానా తేదీన ఫలానా నేరం రుజువైందన్న సంగతిని. కోర్సుతో 2 తగ్గినా ప్రీమియం తగ్గాలని లేదు. కోర్సు చేసినందుకు మూడేళ్ళ పాటు డిస్కౌంటు వస్తుంది, అది వేరే ఖాతా. అందుకే ఈ కేసులో నా ఓటు సున్నా పాయింట్లకే. 250 ఒక్కసారి పోతుంది, ప్రీమియం ఆరు నెలలకోసారి తగులుతూనే ఉంటుంది.

నిక్కచ్చి_నాగమణి
అందరూ ధర గురించే మాట్లాడుతున్నారు. 45 లో 62 వెళ్ళినవాడికి 4 పాయింట్లు పడటమే న్యాయం కదా? ఈ అన్‌సేఫ్ చట్టం 2000 లో వచ్చింది. జనం పాయింట్లు తప్పించుకోవడానికి ఎగబడుతున్నారని తెలిశాక 2004 లో 250 డాలర్ల సర్‌ఛార్జి తగిలించారు. డబ్బున్నవాడు కట్టి బయటపడతాడు, రోజుకూలీ డ్రైవరు పాయింట్లు మోస్తాడు. దీన్ని బేరం అని మురిసిపోవడం నాకు నచ్చదు.

మున్సిపల్_బెంచి
నాగమణి గారూ, అన్యాయం అన్నంత వరకు నిజమే. కానీ అటు ప్రభుత్వం కూడా ఊరికే ఇవ్వడం లేదు. విచారణకి వెళ్తే రాడార్ సరిగ్గా పనిచేసిందని, ఆఫీసరుకి దాని మీద శిక్షణ ఉందని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూటరే. ఆ శ్రమ తప్పుతుంది కాబట్టే బేరానికి దిగుతాడు.

రాజు గారికి పని వరుస చెప్తాను. ఆన్‌లైన్‌లో టికెట్ కట్టొద్దు, కడితే నేరం ఒప్పుకున్నట్టే. నాట్ గిల్టీ అని కోర్టుకి ముందే తెలపండి. కమిషన్ నుంచి 15 డాలర్లకి డ్రైవర్ అబ్‌స్ట్రాక్ట్ తెప్పించుకోండి, ఐదేళ్ళ రికార్డు అందులో కనిపిస్తుంది. ప్రాసిక్యూటర్‌కి రాతపూర్వకంగా డిస్కవరీ, అంటే వాళ్ళ దగ్గరున్న సాక్ష్యాల కాపీలు అడగండి: రాడార్ సర్టిఫికెట్, దాన్ని సరిచూసే ట్యూనింగ్ ఫోర్క్ సర్టిఫికెట్, ఆఫీసర్ శిక్షణ పత్రం, వీడియో ఉంటే వీడియో. కోర్టు రోజున మాట్లాడాల్సింది ప్రాసిక్యూటర్‌తో, ఆఫీసర్‌తో కాదు. శుభ్రమైన రికార్డుతో మొదటి టికెట్టయితే ఇదంతా లాయరు లేకుండా చేసుకోవచ్చు.

బేరం కుదిరాక జడ్జి ముందు చాలామంది బోల్తా పడతారు. "ప్రమాదకరంగా నడిపారా?" అని అడిగితే "లేదండీ, నా తప్పేం లేదు, అందరూ అలాగే వెళ్తున్నారు" అంటారు. అలా అంటే ఒప్పుకోలు చెల్లదు, జడ్జి విచారణకి పెట్టేస్తాడు. ఎంత వేగంలో వెళ్ళారో, అది ఎందుకు ప్రమాదమో రెండు వాక్యాల్లో చెప్తే చాలు. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు దుబాసీని ముందే అడగండి, కోర్టే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది.

డాలస్_దిలీప్
మా టెక్సస్‌లో కోర్సు చేస్తే టికెట్టే కొట్టేస్తారు కదా, అక్కడ ఇంత గొడవేంటి?

సిగ్నల్_సుబ్బారావు
మీ దగ్గర కూడా 25 మైళ్ళు, ఆపైన ఎక్కువైతే ఆ సౌకర్యం లేదు దిలీప్. ఇక్కడి నియమాలు ఇక్కడివి. న్యూజెర్సీ లైసెన్సుతో న్యూయార్క్ సిటీలో దొరికితే మరీ కష్టం: అక్కడ టికెట్లు విచారించే ట్రాఫిక్ బ్యూరోలో బేరమే లేదు, గెలవాలి లేదా ఓడాలి. ఓడితే ఇక్కడి రికార్డుకి 2 పాయింట్లు వస్తాయి.

లెక్కల_లక్ష్మి
ఇంకో రెండు సంగతులు. కమర్షియల్ (ట్రక్కు, బస్సు నడిపే) లైసెన్సు ఉన్నవాళ్ళు ఇక్కడి సలహాలు పట్టించుకోవద్దు. రుజువైన నేరాన్ని కప్పిపుచ్చే బేరాల్ని ఫెడరల్ నియమాలు ఒప్పుకోవు. సొంత కారు నడిపినప్పుడు వచ్చిన టికెట్టుకైనా అంతే. వాళ్ళు మాత్రం లాయరు దగ్గరికే వెళ్ళాలి.

రెండోది, టికెట్టుతో పాటు యాక్సిడెంట్ కూడా ఉంటే, ఒప్పుకునే ముందు 'సివిల్ రిజర్వేషన్' కావాలని జడ్జిని అడగండి. అడగకపోతే మీ ఒప్పుకోలుని రేపు నష్టపరిహారం దావాలో మీ మీదే వాడతారు.

రూట్27_రాజు
అయితే ఈ కేసుకి ముందు 2 పాయింట్ల స్పీడింగ్ అడిగి, ఇవ్వకపోతే అన్‌సేఫ్ తీసుకోవడం. సరేనా?

సిగ్నల్_సుబ్బారావు
నేనైతే తిప్పి అడుగుతాను. ముందు ఇన్సూరెన్సు ఏజెంటుకి ఫోన్ చేసి, పేరు చెప్పకుండా రెండింటికీ ప్రీమియం ఎంత మారుతుందో కనుక్కోండి. తేడా మూడేళ్ళలో 250 దాటితే అన్‌సేఫ్, దాటకపోతే 2 పాయింట్లు.

నిక్కచ్చి_నాగమణి
రెండింటికన్నా చవకది 45 లో 45 వెళ్ళడం. ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నా.