తనువున్ డస్సెన్: అలసటా, మొద్దుబారడమా?

సిద్దిపేట నుంచి, మొదటి ప్రశ్న:
ఒక మాట నెల రోజులుగా నన్ను వదలడం లేదు. పెద్దలు తేల్చాలి.

మా అమ్మకు షుగర్ వచ్చి 14 ఏళ్ళు. పొద్దున లేస్తూనే గజేంద్ర మోక్షంలో మొసలికి చిక్కిన ఏనుగు మొర, "లావొక్కింతయు లేదు" పద్యం ఎత్తుకుంటుంది. పోయిన నెల గుడి నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదట. వెనక్కి వెళ్ళి చూస్తే కిరాణా కొట్టు మలుపులో బోర్లా పడి ఉంది. అక్కడి నుంచి మా గడప దాకా 200 అడుగులకు తక్కువ ఉండదు, అంతా కంకర. ఒక కాలికి చెప్పు లేదన్న సంగతి తెలియకుండానే అంత దూరం నడిచింది.

అంతకు ముందు వారమే క్లినిక్‌లో ఇచ్చిన కాగితం మీద "కాళ్ళలో తిమ్మిర్లు ఉన్నాయా?" అని ఉంటే "లేవు" అని రాయించింది. ఎందుకట్లా చెప్పినవ్ అని అడిగితే, "తిమ్మిరైతే నాకు తెలుస్తది గద బిడ్డా. ఇది తిమ్మిరి కాదు. తనువున్ దస్సెన్ అంటరు చూడు, అది" అంది.

నా ప్రశ్నలు రెండు. పోతన్న వాడిన ఆ క్రియకు స్పర్శ పోవడం అనే అర్థం ఎక్కడైనా ఉందా? అమ్మ స్పష్టంగా "దస్సెన్" అంటుంది, నేను చదువుకున్నది "డస్సెన్". ఏది సరి?

వరంగల్, తెలుగు మాస్టారు:
రెండో ప్రశ్నకు జవాబు పద్యంలోనే ఉంది. శార్దూలం, యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు) 13వ అక్షరం. "ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్" దగ్గరికి 12 అయ్యాయి, లెక్కపెట్టుకోండి. 13వది డ. పాదం మొదట ఠా. రెండూ ఒకే వర్గం అక్షరాలు కాబట్టి ఠకూ డకూ వర్గయతి చెల్లుతుంది, ఠకూ దకూ చెల్లదు. కాబట్టి పోతన్న నోట వచ్చింది డ. అమ్మగారిది పెద్ద పొరపాటేమీ కాదు. ముందు "దప్పెను", "దనువున్" అని రెండు దకారాలు ఉన్నాయి, నాలుక అదే దారిలో పోతుంది.

మొదటి ప్రశ్నకు: ధాతువు "డయ్యు". అలసిపోవడం అని అర్థం. తిమ్మిరికీ దానికీ చుట్టరికం లేదు.

తెనాలి:
మాస్టారూ, యతి విషయంలో మీతో నూటికి నూరు పాళ్ళూ ఏకీభవిస్తాను. అర్థం దగ్గర మాత్రం ఒప్పుకోలేను. డస్సెన్ అంటే అలసింది అయితే, వెంటనే "శ్రమంబయ్యెడిన్" ఎందుకు? ఒకే పాదంలో ఒకే మాట రెండు సార్లు చెప్పే కవి కాదు పోతన్న. ఆ వరస చూడండి: బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది. ఆ తర్వాత తనువు డస్సింది. ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. మూర్ఛ తర్వాతి మెట్టు ఉత్త అలసట ఎలా అవుతుంది? శరీరం తనది కాకుండా పోయింది అనే అర్థమే నాకు వినిపిస్తుంది. పట్టుబడింది కాలు అన్న సంగతి కూడా మరిచిపోకండి. నీళ్ళలో, మొసలి నోట్లో, వేయేళ్ళు.

వరంగల్, తెలుగు మాస్టారు:
కాలం చూడండి అమ్మా. "డస్సెన్" జరిగిపోయింది, "అయ్యెడిన్" ఇంకా జరుగుతోంది. ఒళ్ళు అలసిపోయింది, ఆపైన బాధ సాగుతూనే ఉంది. పునరుక్తి ఎక్కడుంది? పోతన్న క్రియల కాలాలను ఎంత జాగ్రత్తగా పేర్చాడో ఈ ఒక్క పాదం చాలు చెప్పడానికి. గజేంద్రుడు ఓడిపోయానని చెప్పడం లేదు, ఓడిపోతున్నానని చెబుతున్నాడు. "అయ్యెడిన్"లో ఇంకా ఊపిరి ఉంది. అందుకే "రావే" అని పిలవగలిగాడు.

హైదరాబాద్, నరాల డాక్టరు:
పద్యం మీద నాకు అధికారం లేదు గానీ కాలు మీద ఉంది. కాలిని ఎక్కువ సేపు నొక్కి పెడితే ముందు చీమలు పాకినట్టుంటుంది, తర్వాత స్పర్శ పోతుంది. వదిలేయగానే మళ్ళీ సూదులు గుచ్చినట్టు జివ్వుమంటూ తిరిగొస్తుంది. తెలుగులో మనం ఈ మూడింటినీ కలిపి తిమ్మిరి అనేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. డాక్టరుకు కావలసింది రెండు వేరు వేరు సంగతులు: లేనిది ఉన్నట్టు అనిపించడం, అంటే సూదులు, మంట, చీమలు. రెండోది, ఉన్నది తెలియకపోవడం. మీ అమ్మగారికి రెండోది ఉంది. కాగితం అడిగింది మొదటిది. ఆమె నిజమే చెప్పారు.

షుగర్‌లో నరాలు దెబ్బతినేటప్పుడు అన్నిటికంటే పొడవైన నరాలకు ముందు తగులుతుంది, అందుకే కాలి వేళ్ళతో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. చెప్పు జారిపోయినా తెలియకపోవడం మేం రోజూ వినే మాట. ఇంకొకటి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 విటమిన్ తగ్గవచ్చు, దాని వల్ల కూడా ఇలాగే అవుతుంది. ఆ రక్తపరీక్ష చేయించండి.

చెన్నై:
మా ఇంటి చుట్టుపక్కల తమిళులు "కాల్ మరత్తుప్ పోచ్చు" అంటారు. మరం అంటే చెట్టు, కాలు చెట్టయిపోయిందన్నమాట. మనకూ అదే చూపు ఉంది, గమనించండి. మ్రాన్పడడంలో మ్రాను ఉంది, కొయ్యబారడంలో కొయ్య ఉంది, మొద్దుబారడంలో మొద్దు ఉంది. మూడూ కట్టెలే. స్పర్శ పోతే ఒళ్ళు కట్టె అవుతుందని మన పూర్వులు చూశారు. క్లినిక్ కాగితం మీద "కాళ్ళు మొద్దుబారాయా?" అని ఉంటే అమ్మగారు "అవును" అనేవారని నా నమ్మకం.

తెనాలి:
మొద్దుబారడంలో ఉన్నది కట్టె మొద్దు కాదేమో. కత్తి మొద్దుబారింది అంటాం కదా, పదును పోయిందని. స్పర్శకు ఉన్న పదును పోయింది అనుకుంటే ఇంకా బాగా కుదురుతుంది.

చెన్నై:
కట్టె మొద్దు ముందా, కత్తి మొద్దు ముందా? నాకైతే కట్టే ముందు. పదును లేని కత్తి కట్టెతో సమానం కాబట్టే ఆ మాట దానికీ వచ్చింది.

అనంతపురం, ఇప్పుడు బెంగళూరు:
ఇక్కడ కన్నడిగులు "జోము హిడిదిదె" అంటారు, కూర్చుని కూర్చుని కాలు పట్టేసినప్పుడు. షుగర్ వాళ్ళ కాళ్ళకు ఈ మాట వాడరు. అమ్మగారు తిమ్మిరి కాదన్నది అందుకే నాకు వెంటనే అర్థమైంది. తిమ్మిరి వచ్చి పోయేది, ఇది వచ్చి ఉండిపోయేది.

తిమ్మిరి ఎక్కడి మాట అన్నది కూడా చెప్పుకోవాలి. సంస్కృత తిమిరం నుంచి, అంటే చీకటి నుంచి వచ్చిందని చెప్పగా విన్నాను. నాకు నచ్చదు. తమిళంలో తిమిర్ అంటే ఒంటి తిమ్మిరీ, పొగరూ కూడా. మనమూ "ఒళ్ళు తిమ్మిరెక్కి కొట్టుకుంటున్నాడు" అంటాం. రెండు భాషల్లోనూ ఆ రెండు అర్థాలూ జంటగా ఉన్నాయంటే అది మన దక్షిణాది మాటే.

వరంగల్, తెలుగు మాస్టారు:
తిమిరం అనే కంటి జబ్బు వైద్య గ్రంథాల్లో ఉంది. కంటికి చూపు మసకబారడం, కాలికి స్పర్శ మసకబారడం. అంత తేలిగ్గా కొట్టేయకండి.

గుంటూరు, పళ్ళ డాక్టరు:
నేను రోజుకు పది సార్లు వాడే మాట కాబట్టి చెబుతున్నాను. కింది దవడకు ఇంజెక్షన్ ఇచ్చాక "తిమ్మిరెక్కిందా?" అని అడిగితే సగం మంది తెల్లముఖం వేస్తారు. "పెదవి లావెక్కినట్టుందా?" అంటే మాత్రం అందరూ తలూపుతారు. అద్దంలో చూసుకుంటే పెదవి మామూలుగానే ఉంటుంది. ఇక్కడ ఎవరూ స్పర్శ పోయిందని చెప్పరు, లావెక్కిందనే చెబుతారు. జనం మాట ఆ మందుకు "మత్తు". మనిషి మేలుకునే ఉన్నా, మత్తు పెదవికి.

ఏలూరు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నదాన్ని. మొదట్లో సెలైన్ ఎక్కించాక కొన్ని రోజులు ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్ళలో కరెంటు, చన్నీళ్ళు మింగితే గొంతులో ముళ్ళు. అది తిమ్మిరే, తెలిసే బాధ. ఆరేడు సార్లు అయ్యాక అది తగ్గి ఇంకొకటి వచ్చింది. శ్రావణ మాసంలో మల్లెపూలు కడుతున్నాను. దారం వేలి మీద ఉందో లేదో తెలియడం లేదు. కళ్ళతో చూస్తేనే ముడి పడుతోంది, కళ్ళు తిప్పితే పూలు ఒళ్ళో రాలిపోతున్నాయి. నలభై ఏళ్ళుగా టీవీ చూస్తూ మూరలకు మూరలు కట్టిన చెయ్యి ఇది. దానికి నాకు దొరికిన మాట "వేళ్ళకు తొడుగు". మందు ఆపాక కొన్ని నెలలకు చేతి వేళ్ళకు చాలావరకు తిరిగొచ్చింది, కాలి వేళ్ళకు ఇంకా తొడుగు ఉంది. డస్సెన్ అన్న అమ్మగారి మాట నాకు నచ్చింది. నిఘంటువు ఒప్పుకోకపోయినా నేను వాడుకుంటాను.

హైదరాబాద్, నరాల డాక్టరు:
అమ్మా, పూలు కట్టడం గురించి మీరు చెప్పింది రేపటి నుంచి నా పేషెంట్లను అడుగుతాను. ఇంత మంచి ప్రశ్న మా పుస్తకాల్లో లేదు.

కుష్ఠు సర్వేకు వచ్చే ఆశా కార్యకర్తలు కూడా "స్పర్శ లేని మచ్చ" అనే అడుగుతారు, తిమ్మిరి మచ్చ అనరు. ఆ మచ్చకు చీమలూ ఉండవు, సూదులూ ఉండవు. ఇంకో మాట, అందరికీ: ముఖమో చెయ్యో ఒక పక్క ఉన్నట్టుండి మొద్దుబారితే పదం కోసం వెతకకండి. అది పక్షవాతం కావచ్చు, 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

కర్నూలు, ఆయుర్వేదం:
చరకుడు ప్రమేహానికి, అంటే షుగర్ లాంటి జబ్బులకు, ముందు కనిపించే లక్షణాల్లో చేతులకూ కాళ్ళకూ "సుప్తత", "దాహం" రెండూ చెప్పాడు. సుప్తత అంటే నిద్రపోవడం, దాహం అంటే మంట. డాక్టరు గారు విడదీసిన రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇలాంటి కాలును తెలుగులో మనం నిద్రపోయింది అనం. నిద్రపోయింది అంటే లేస్తుందని కదా అర్థం.

తెనాలి:
అందుకే నేను డస్సెన్ అంటున్నాను!

సిద్దిపేట:
అందరికీ నమస్కారాలు. డాక్టరు గారు విడిగా మెసేజ్ పెట్టి ఒక పరీక్ష చెప్పారు. అమ్మను కళ్ళు మూసుకోమని, రెండు కాళ్ళకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద నా వేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ముట్టుకోవాలి, నొక్కకూడదు. ఆరు చోట్లలో రెండు, ఆపైన తెలియకపోతే వెంటనే చూపించాలి. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి చేశాను. కుడి, ఎడమ అని చెప్పమన్నాను. అమ్మకు తెలిసినవి రెండే. చివరిది ముట్టుకుని వేలు తీసేశాక కూడా "ముట్టు మరి, చూస్తనే ఉన్న" అంటూ కళ్ళు మూసుకునే కూర్చుంది. రేపు తీసుకెళ్తున్నాం. కాగితం ఇస్తే "తిమ్మిర్లు" అన్న చోట కొట్టేసి "కాలు కింద ఏముందో తెలియదు" అని నేనే రాస్తాను.

డకారం సంగతి కూడా చెప్పాను. యతి విని అమ్మ మురిసిపోయింది గానీ ఇవాళ పొద్దున మళ్ళీ దస్సెన్ అనే అంది.

వరంగల్, తెలుగు మాస్టారు:
ముందు ఆస్పత్రి పని చూసుకోండి బాబూ. తిరిగొచ్చాక ఒక్కసారి జాగ్రత్తగా విని చెప్పండి, అమ్మగారు "తనువున్" దగ్గర ఊపిరి తీసుకుని అంటారా, కలిపేసి అంటారా? నకారం మీదుగా దూకితే ఆ డ మెత్తబడి దలాగా మీ చెవికి వినిపిస్తూ ఉండవచ్చు.