టీమ్ ఆనందానికి లీడ్ అప్రైజల్‌లో 20 మార్కులు: పెట్టాలా, వద్దా?

శ్రావణమేఘం:
ఒక ప్రతిపాదన మీద మీ అభిప్రాయాలు కావాలి. టీమ్ లీడ్‌కి ఏడాది చివర అప్రైజల్‌లో వేసే 100 మార్కుల్లో 80 ఎప్పటిలాగే డెలివరీ, క్వాలిటీ, అట్రిషన్‌కి (అంటే టీమ్‌లో ఎంతమంది మానేశారన్నదానికి). మిగతా 20 టీమ్ ఆనందానికి. ప్రతి గురువారం ఒక మెయిల్ వస్తుంది. అందులో ఏడుపుముఖం నుంచి నవ్వుముఖం దాకా ఐదు బొమ్మలు. ఈ వారం ఎలా ఉన్నారో ఒకటి నొక్కితే చాలు, పది సెకన్ల పని. ఏడాది సగటును బట్టి ఆ 20 మార్కులు.

గాల్లోంచి తెచ్చింది కాదు. బ్రిటిష్ టెలికాం కాల్ సెంటర్లలో, 11 చోట్ల, ఆరు నెలలపాటు ఇలాగే వారం వారం బొమ్మలు పంపి అడిగారు. ఆ జవాబుల్ని అదే మనిషి అదే వారం చేసిన అమ్మకాల పక్కన పెట్టి చూశారు. మనసు బాగున్న వారాల్లో అమ్మకాలు పెరిగాయి. 2019లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ప్రకటించిన లెక్క 13 శాతం. పని గంటలేమీ పెరగలేదు. అదే గంటలో ఎక్కువ కాల్స్ తీసుకున్నారు, వాటిలో ఎక్కువ అమ్మకాలయ్యాయి. మరి మనుషుల్ని బాగా చూసుకునే లీడ్‌కి ఆ మేరకు మార్కులు ఎందుకివ్వకూడదు?

మూడోషిఫ్టు:
మీరు తిరగేసి చదివారు. అమ్మకాలు బాగున్న వారం ఇన్సెంటివ్ పడుతుంది, లీడ్ కేకలెయ్యడు, బోర్డు మీద పేరు పైకెళ్తుంది. అప్పుడెవరైనా నవ్వుముఖమే నొక్కుతారు. పని బాగుంది కాబట్టి మనసు బాగుంది.

శ్రావణమేఘం:
ఆ అనుమానం పరిశోధకులకీ వచ్చింది. అందుకే వాతావరణాన్ని పట్టుకున్నారు. సెంటర్ ఉన్న ఊళ్ళో మబ్బు పట్టిన వారం అక్కడివాళ్ళ ముఖాలు వాడిపోయాయి, అమ్మకాలూ తగ్గాయి. అమ్మకాలు తగ్గినందుకు మబ్బు పట్టదు కదండీ. కూర్చున్న చోటి నుంచి బయటి వాతావరణం కంటికి ఎంత కనబడుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకున్నారు. కాబట్టి ముందు మనసు, తర్వాత అమ్మకం.

కాకినాడకాజా:
వాన పడితే కొనేవాడికీ మూడ్ ఉండదు కదా?

శ్రావణమేఘం:
కాల్స్ దేశం నలుమూలల నుంచీ వస్తాయి, ఏ సెంటర్లో ఏజెంట్ ఖాళీగా ఉంటే అక్కడికి పోతాయి. కొనేవాడి ఊళ్ళో వాన వేరు, అమ్మేవాడి ఊళ్ళో వాన వేరు.

మూడోషిఫ్టు:
సరే, వాన సంగతే తేల్చుకుందాం. మాదాపూర్‌లో సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అయ్యి, తెల్లవారుజామున మూడున్నరకి లాగౌట్ అయ్యేవాళ్ళకి ఏ మబ్బు కనిపిస్తుంది? భవనమంతా అద్దాలే. కానీ స్క్రీన్ మీద ఎండ పడుతోందని పగటి షిఫ్టువాళ్ళు బ్లైండ్స్ దించేస్తారు, రాత్రివాళ్ళు వాటిని ఎత్తరు. అక్కడ మనసును పాడుచేసేది నిద్ర. పని అమెరికా వేళలకి కదా, మార్చిలో అక్కడ గడియారం గంట ముందుకి తిప్పగానే ఇక్కడ షిఫ్టు గంట ముందుకొస్తుంది, నవంబరులో మళ్ళీ గంట వెనక్కి పోతుంది. ఆ రెండుసార్లూ క్యాబ్ టైము మారుతుంది, తిండి వేళ మారుతుంది. పగలు నిద్రపోయే ఆ కాసిని గంటల్లో పాలవాడు, కొరియర్, పక్కింటి డ్రిల్లింగ్. ఆ 13 శాతం వాళ్ళ లెక్క. దాన్ని తెచ్చి ఇక్కడి లీడ్ మెడకి కట్టడమేంటి?

శ్రావణమేఘం:
13 కాకపోతే 8 అనుకోండి, 5 అనుకోండి. దిశ మారదు కదా.

మూడోషిఫ్టు:
అంకె చెప్పింది మీరే. ఇప్పుడు అంకె వదిలేద్దామంటే ఎలా?

లెక్కలపంతులు:
ఇద్దరూ వాన దగ్గరే ఆగిపోయారు. షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో జరిగిన ప్రయోగం చూడండి. ఇంటి నుంచి పని చేస్తామని ముందుకొచ్చిన అర్హుల్లో పుట్టినరోజు సరిసంఖ్య తేదీన ఉన్నవాళ్ళని ఇంటికి పంపారు, బేసి తేదీవాళ్ళని ఆఫీసులోనే ఉంచారు. ఇంటివాళ్ళకి వారంలో నాలుగు రోజులు ఇల్లు, ఒక రోజు ఆఫీసు. తొమ్మిది నెలలు నడిచింది. ఇంటివాళ్ళ పని 13 శాతం పెరిగింది. (అంకె అదే కావడం కాకతాళీయం.) అందులో 9 శాతం విరామాలు, సిక్ లీవులు తగ్గి ఎక్కువ నిమిషాలు లైన్లో ఉన్నందువల్ల. మిగతా 4 నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకున్నందువల్ల. ఉద్యోగం మీద తృప్తి పెరిగింది, మానేసేవాళ్ళు సగానికి తగ్గారు.

ఇక్కడిదాకా శ్రావణమేఘం గారి మాటే నెగ్గింది. కానీ అంతే పని చేసిన ఆఫీసువాళ్ళతో పోలిస్తే ఇంటివాళ్ళకి ప్రమోషన్ అవకాశాలు తగ్గాయి. ప్రయోగం అయ్యాక ఇష్టం మీకే వదిలేశామంటే, ఇంటివాళ్ళలో దాదాపు సగం మంది తిరిగి ఆఫీసుకొచ్చేశారు. ఒంటరితనం అన్నారు. మనసు బాగుండటం, పని బాగుండటం, పైకి రావడం మూడూ ఒకే తాడుకి కట్టి లేవు. మీరు 20 మార్కులు పెట్టేది వీటిలో దేనికో ముందు తేల్చండి.

విశాఖబీచ్:
ఇది వర్క్ ఫ్రమ్ హోమ్ చర్చ కాదు. దానికి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

లెక్కలపంతులు:
నేను వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి మాట్లాడలేదు. మళ్ళీ చదవండి.

శ్రావణమేఘం:
వానా వద్దు, ప్రమోషనూ వద్దు, ఇది చూడండి. వార్విక్ యూనివర్సిటీవాళ్ళు కొందరికి పది నిమిషాలు కామెడీ చూపించారు, కొందరికి చాక్లెట్, పళ్ళు ఇచ్చారు. తర్వాత రెండంకెల సంఖ్యలు ఐదేసి ఇచ్చి పది నిమిషాలపాటు కూడికలు చేయించారు. మనసు తేలికపడినవాళ్ళు సుమారు 12 శాతం ఎక్కువ చేశారు. రెండేళ్ళ లోపు ఇంట్లో చావో, పెద్ద జబ్బో చూసినవాళ్ళు తక్కువ చేశారు. ఆ ఇంటి బాధ లీడ్‌కి తెలియకపోతే, ఆ మనిషి పనితనమే తగ్గిందని రాసేస్తాడు. నా బాధంతా అదే.

మూడోషిఫ్టు:
కామెడీ చూపించి కూడికలు చేయించడం, ఏడాదంతా ఒకరి అప్రైజల్‌కి మరొకరి ముఖాన్ని ముడిపెట్టడం ఒకటేనా? ఫారం తయారుచేసేది మీలాంటివాళ్ళు, నింపేది మాలాంటివాళ్ళు. నింపేవాళ్ళనొకసారి అడిగారా?

శ్రావణమేఘం:
ఆ మాట అనవసరం. ఎవరూ అడగకపోతే ఏమవుతుందో తెలుసా? మనిషికి ఏం బాగాలేదో రాజీనామా పెట్టాక, ఎగ్జిట్ ఇంటర్వ్యూలో బయటపడుతుంది. ఆ కాగితం ఎవరైనా చదివేసరికి మనిషి వెళ్ళిపోయి ఉంటాడు. అడగడం తప్పంటే ఇక నేను చెప్పేదేమీ లేదు.

చీరలకౌంటర్:
మీ ఆఫీసుల్లో నవ్వుముఖం వారానికోసారి నొక్కాలంటున్నారు. బట్టల షాపులో పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ముఖానికి తగిలించుకునే ఉండాలి. పెళ్ళివారొస్తే అరవై చీరలు విప్పించి, ఒక్కటీ తీసుకోకుండా లేస్తారు. ఒక్కో చీర మళ్ళీ మడత మీద మడత, అంచు పైకి వచ్చేలా పెట్టాలి, అదీ నవ్వుతూనే. అక్కడ నవ్వు కొలిస్తే అందరికీ నూటికి నూరే వస్తుంది. కాళ్ళ వాపులు కొలవండి. కేరళలో 2018లో చట్టం మార్చి షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కిచ్చారు, తమిళనాడులో 2021లో. అక్కడి ఆడవాళ్ళు అడిగింది సంతోషం కాదు, స్టూలు.

కాకినాడకాజా:
ఈ పోస్టు పైన పిన్ చెయ్యాలి.

మూడోషిఫ్టు:
నాకు చేతకానిది ఆవిడ చెప్పారు. మనసు బాగుంటే పని బాగుంటుందన్న మాట నేనూ కాదనను. వానని పట్టుకుని వేలాడటం నా తప్పే. అసలు అభ్యంతరం ఇప్పుడు చెప్తాను. మనసును మార్కుల్లోకి మార్చిన రోజు నుంచి మీకు మనసు కనబడదు, మార్కే కనబడుతుంది.

ఎలాగో చూడండి. పదిమంది టీమ్. బెల్ కర్వ్ ప్రకారం ఒకరికి అన్నిటికన్నా పై రేటింగ్, ఇద్దరికి దాని కిందిది, ఆరుగురికి మధ్యది, ఒకరికి అడుగుది. అందరూ బాగా చేసినా ఆ ఒక్కరిని అడుగున పెట్టి తీరాలి. అంటే ఒకరిని బాధపెట్టమని కంపెనీయే లీడ్‌కి చెప్తుంది, బాధపడ్డందుకు మళ్ళీ అదే లీడ్‌కి మార్కులు కోస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అప్పుడతను చేసేదొక్కటే. గురువారం పొద్దున స్టాండప్ కాల్ చివర్లో, "ఈవేళ ఆ మెయిల్ వస్తుంది, చూసి నొక్కండి, మన టీమ్ పరువు" అంటాడు. దాంతో అందరూ నాలుగో బొమ్మ నొక్కుతారు. ఐదోది నొక్కితే అబద్ధమని తెలిసిపోతుంది, మూడోది నొక్కితే లీడ్ విడిగా పిలుస్తాడు.

ఎవరు ఏది నొక్కారో పేరు ఉండదంటారు. రిపోర్టులో ఫిల్టర్లుంటాయి: ఆడా మగా, ఎన్నేళ్ళ సర్వీసు, ఏ షిఫ్టు. పదిమందిలో "మహిళ, రెండు నుంచి నాలుగేళ్ళు, రాత్రి షిఫ్టు" అని మూడు టిక్కులు పెడితే మిగిలేది ఒక్కరే. మెటర్నిటీ లీవు నుంచి వచ్చి, ఆర్నెల్లు లేవన్న పేరుతో మధ్య రేటింగ్‌లో పడినామె ఏడుపుముఖం నొక్కితే, అది ఎవరిదో కనుక్కోవడానికి అర నిమిషం చాలు.

లెక్కలపంతులు:
బెల్ కర్వ్ సంగతి నిజం. మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని 2013 నవంబరులోనే ఎత్తేసింది. అది ఉన్నచోట ఈ 20 మార్కులు పెట్టకూడదు. ఫిల్టర్లకైతే మందుంది. ఎనిమిది జవాబులకి తక్కువున్న ఏ గుంపునీ చూపించకూడదు. ఒకసారికి ఒక ఫిల్టరే. వారం వారం కాకుండా నాలుగు వారాలు కలిపి చూపించాలి. రాతపూర్వక వ్యాఖ్యల పెట్టె లీడ్‌కి వెళ్ళకూడదు, రాసే తీరును బట్టే మనిషి దొరికిపోతాడు.

శ్రావణమేఘం:
బెల్ కర్వ్‌తో కలిపి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. బొమ్మల స్కోరుని మార్కుల్లోంచి తీసేద్దాం. ఆ 20 మార్కులు లీడ్ చేతిలో ఉన్నవాటికి పెడదాం: రోస్టర్ (ఎవరికి ఏ రోజు ఏ షిఫ్టో చెప్పే పట్టిక) ఎన్ని రోజుల ముందు ఇచ్చాడు, అడిగిన సెలవుల్లో ఎన్ని కాదన్నాడు, షిఫ్టు అయ్యాక ఎన్ని కాల్స్ పెట్టాడు, గడియారం మారిన వారంలో ఎంతమందికి వరుసగా రెండు వీక్లీ ఆఫ్‌లు ఇచ్చాడు. ఇవన్నీ సిస్టమ్‌లోనే ఉంటాయి, ఎవరినీ అడగక్కర్లేదు.

కానీ ఆ గురువారం మెయిల్ మాత్రం ఉండాలి. పంతులు గారి ఎనిమిది మంది నియమంతోనే. దాన్ని కూడా తీసేస్తే, ఇంట్లో చావు జరిగి వచ్చిన మనిషిని ఎలా ఉన్నావని అడిగే దారి ఒక్కటీ ఉండదు.

మూడోషిఫ్టు:
రోస్టర్ లెక్కకి ఒప్పుకుంటాను. 14 రోజుల ముందు అని రాయండి, వారమంటే చాలదు. మెయిల్‌కి మాత్రం ఒప్పుకోను. ఇంట్లో చావు జరిగిన మనిషికి కావలసింది లీవు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేని లీవు. ఎన్ని రోజులిస్తారో ముందది రాయండి.

శ్రావణమేఘం:
రెండూ ఎందుకుండకూడదు?

మూడోషిఫ్టు:
లీవు పాలసీలో రాసి చూపించండి. ఆ తర్వాత మెయిల్ సంగతి మాట్లాడదాం.

చీరలకౌంటర్:
షిఫ్టులో కూర్చోవడానికి ఎన్ని నిమిషాలో కూడా అందులో చేర్చండి.